తప్పెట్ల నడుమ మావ చెవులు

ఆ సాయంత్రం కళ్లంలో ఉన్నవారు, ఉన్నవి: తప్పెటలు కట్టుకున్న మగవాళ్లు పదిహేను మంది. గట్టు మీద మా అత్త, ఆమె పక్కన టీ గిన్నె. నూర్చాక మిగిలిన గడ్డికుప్ప. కళ్లం నడుమ కెమెరా స్టాండు, దాని మీద బట్టల కొట్టు బొమ్మ తల, ఆ తలకి మా మావ చెవులు. చెవుల్లో బఠాణీ గింజంత మైకులు రెండు. తీగ చివర నా రికార్డరు.

లేనిది మా మావ ఒక్కరే. ఆయన లేకుండా రికార్డు చేయడమే అసలు పని.

మావది నెల్లిమర్ల దగ్గర ఊరు. అక్కడి తప్పెటగుళ్ల జట్టుకి చాలా ఏళ్లుగా ఆయనే పెద్ద. రొమ్ము మీద రేకు తప్పెట, కాళ్లకి గజ్జెలు కట్టుకుని, వలయంగా తిరుగుతూ, ఎగురుతూ, పాడుతూ వాయించే ఆట అది. వానాకాలంలో మావ మోకాలికి ఆపరేషన్ అయింది. నడవచ్చు గానీ ఇక ఎగరకూడదన్నాడు డాక్టరు. శివరాత్రికి రామతీర్థంలో ఆడడం జట్టుకి ఆనవాయితీ. ఈసారి మావ లేకుండా వెళ్లాలి, లేదా మానుకోవాలి. వెళ్తే నడిపించేది ఆయన కొడుకు, నాకు బావ. వెళ్లమని గానీ మానమని గానీ మావ చెప్పలేదు.

"నాను ఎదురుగా కూకుంటే నా మొకం సూసి వాయిస్తారు," అన్నారు నాతో. "నాను లేనప్పుడు ఎలా వాయిస్తారో అది ఇనాల. ఇన్నాక సెప్తాను, ఎల్లాలో మానాలో."

నేను ఎలక్ట్రానిక్స్ చదివి, విజయనగరంలో వినికిడి యంత్రాలు అమర్చే చోట పనిచేస్తున్నాను. రోజూ చెవులకి అచ్చులు తీస్తాను. శబ్దాలు రికార్డు చేయడం నా ఆదివారాల పిచ్చి. అందుకే ఈ పని నాకు పడింది.

మొదటిసారి అందరూ చేసే పనే చేశాను. వలయానికి బయట రెండు మంచి మైకులు నిలబెట్టి స్టీరియోలో తీశాను. నా గదిలో స్పీకర్ల మీద చక్కగా ఉంది. మావ ఇంట్లో స్పీకర్లు లేవు కాబట్టి హెడ్‌ఫోన్స్ పెట్టాను. ఆయన కాసేపు విని తీసేశారు.

"ఇదేటిరా అల్లుడా, అందరినీ తెచ్చి నా బుర్రలో కుక్కీసేవు?"

"కుడీ ఎడమా తెలుస్తన్నాయా మావా?"

"తెలస్తన్నాయి. ఈ సెవి కాణ్నుంచి ఆ సెవి దాకా వరసగా నిలబడ్డారు, రేషన్ షాపు కాడ లైనులాగ. మాది గుండ్రంగా కదా తిరుగుతాది. నా ఎనకాల ఎవుడున్నాడు సెప్పు?"

ఆ ప్రశ్నకి స్టీరియో దగ్గర జవాబు లేదు. దాని తప్పూ కాదు. స్టీరియో గదిలో ఉన్న రెండు స్పీకర్ల కోసం పుట్టింది. ఎడమ స్పీకరు శబ్దం కుడి చెవికి కూడా చేరుతుంది, కాస్త ఆలస్యంగా, కాస్త తగ్గి. ఆ కలయిక వల్లే పాట మన ఎదుట పరుచుకుంటుంది. హెడ్‌ఫోన్స్‌లో ఎడమది ఎడమకే, కుడిది కుడికే. ఇక పాటకి చెవుల మధ్య గీత తప్ప వేరే చోటు దొరకదు.

బైనారల్, అంటే రెండు చెవుల పద్ధతిలో మైకులు మనిషి చెవులుండే చోటే ఉంటాయి, నడుమ తల అడ్డంగా. పక్క నుంచి వచ్చే చప్పుడు అవతలి చెవికి చేరడానికి పట్టే ఆలస్యం సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ. అవతలి చెవి తల నీడలో ఉంటుంది కాబట్టి అక్కడ చప్పుడు పదును తగ్గుతుంది. అది ముందు నుంచి వచ్చిందా వెనక నుంచి వచ్చిందా అన్న తేడాని చాలావరకు చెవి మడతలు చెబుతాయి. ఇవన్నీ రికార్డింగులోనే ఉండిపోతాయి, హెడ్‌ఫోన్స్ వాటిని తిరిగి చెవులకి అప్పజెబుతాయి. రెండు మైకులూ ఒక తలా, ఇంతే సరంజామా. ఇంత తక్కువతో అంత పని జరగడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

చెవి మడతలు ఒకరివి ఒకరికి కలవవు. అందుకని మావ చెవులే కావాలనుకున్నాను. తెలిసిన బట్టల కొట్టు షావుకారు, భుజం విరిగి మేడ మీద పడున్న బొమ్మ నుంచి తల ఊడదీసి ఇచ్చాడు. మామూలుగా నేను చెవి లోపలికే అచ్చు తీస్తాను, ఈసారి చెవి మొత్తానికి తీశాను. మావ తల వాల్చి కదలకుండా కూర్చుంటే అత్త వచ్చి చూసింది.

"నా మాట ఒక్కటీ ఇనని సెవులురా అవి. ఆటికి మళ్లీ అచ్చులొకటా?"

ఆ అచ్చుల్లో పోసిన రబ్బరు చెవులే కళ్లంలో బొమ్మ తలకి ఉన్నాయి. అన్నీ సరిచూసుకుని టీ కోసం గట్టు దాకా వెళ్లి వచ్చేసరికి బావ ఆ తలకి ఎర్ర తలపాగా చుట్టేశాడు, చెవులు కప్పేలా.

"ఇదేటి బావా?"

"పెద్దోడి తల బోడిగా నిలబెడతారేటిరా నడుమన? మా అయ్య ఇలాగే కడతాడు."

"మీ అయ్య చెవుల్లో మైకులుండవు కదా. గజ్జెలు దుప్పటి కప్పుకుని మోగినట్టు వస్తాయి."

అయినా తీసేయడానికి ఒప్పుకోలేదు. చివరికి చెవులు కప్పకుండా పైకి జరిపి కట్టాడు. నేను రికార్డరు నొక్కాను. ఆట మొదలైంది. ఆ సేపంతా నా కళ్లు శబ్దం స్థాయి చూపించే గీతల మీదే ఉన్నాయి, మనుషుల మీద లేవు.

మర్నాడు పొద్దున్న మావ అరుగు మీద కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు. బావ చేతులు కట్టుకుని స్తంభానికి ఆనుకున్నాడు. తప్పెట మొదలవగానే మావ ఠక్కున వెనక్కి తిరిగి చూశారు. అక్కడ గోడ, దాని మీద క్యాలెండరు ఉన్నాయి.

"వొచ్చీసేరురా," అన్నారు నవ్వుతూ. "సుట్టూ వొచ్చీసేరు."

చదువుకున్నందుకు నాకు అంత సంతోషం కలిగిన పొద్దు మరొకటి లేదు. తల చుట్టూ పదిహేను తప్పెటలు, వాటి కింద గజ్జెలు, ఒక్కొక్కటీ దాని దూరంలో అది. మావ కళ్లు మూసుకున్నారు. ఆయన వేలు లేచి తల చుట్టూ నెమ్మదిగా తిరగడం మొదలెట్టింది, ఎడమ చెవి, ముక్కు, కుడి చెవి, మెడ వెనక. వలయం వేగమే ఆ వేలి వేగం. కాసేపటికి నవ్వు పోయింది.

"ఒరే, ఇక్కడ ఏటీ లేదు."

"ఎక్కడ మావా?"

"ఇదిగో, ఈ ఏలు కాడ. ఇప్పుడు ఇటొచ్చింది. ఇప్పుడు ఎనక్కెల్తన్నాది."

హెడ్‌ఫోన్స్ తీసుకుని నేనూ పెట్టుకున్నాను. అవి నా చెవులు కావు కాబట్టి ముందువైపు నాకు కొంచెం మసకగానే ఉంది. అయినా తెలిసింది. తప్పెట, తప్పెట, తప్పెట, తర్వాత ఒక మనిషి పట్టేంత మేర నిశ్శబ్దం, మళ్లీ తప్పెట. ఆ నిశ్శబ్దం వాళ్లతో పాటు తల చుట్టూ తిరుగుతోంది. తర్వాత పాత స్టీరియో రికార్డింగు పెట్టి దాని కోసమే వెతికాను. అందులో దొరకలేదు.

బావ నేల చూస్తూ అన్నాడు: "అది నీ సోటే అయ్యా. ఒగ్గీసినాం. ఎవుల్నీ నిలబెట్టబుద్ది కాలేదు. మొదట్నుంచీ అలాగే ఆడతన్నాం."

మావ హెడ్‌ఫోన్స్ నా చేతిలోంచి తీసుకుని మరోసారి విన్నారు, ఈసారి వేలు కదపకుండా. బావ ఉండబట్టలేక అడిగాడు.

"అంటే, ఎల్లొద్దంటావా?"

"ఎల్లొద్దని ఎవుడన్నాడు? ఆట బాగుంది. నువ్వు తొందర పడనేదు, ఎవుడూ జారిపోనేదు." ఆగి మళ్లీ అన్నారు. "కానొరే, సచ్చిపోయినోడికి ఇస్తరేసినట్టు నాకు సోటొగ్గుతారేటిరా? బతికే ఉన్నాను కదా. ఆ కంత మూసీండి. మూసీసి ఎల్లండి."

"మరి నువ్వో?"

"నడుమన కుర్సీ ఎయ్యండి. ఆ బొమ్మ బుర్ర కంటే నాను బాగానే ఉంటాను."

లోపల నుంచి అత్త అంది, "బొమ్మే నయం. అన్నిటికీ తగువుకి రాదు."

శివరాత్రికి రామతీర్థంలో వలయం నడుమ ప్లాస్టిక్ కుర్చీ వేశారు. మావ ఆపరేషన్ కాలు చాపుకుని కూర్చున్నారు. మైకులు ఈసారి ఆయన సొంత చెవుల్లోనే పెట్టాను. తలపాగా చెవులకి అడ్డం రాకుండా ఆయనే పైకి జరుపుకున్నారు. బావ మొదటి దెబ్బ వేశాడు. ఈసారి నేను రికార్డరు గీతలు వదిలి మనుషులని చూశాను. భుజానికి భుజం ఒకే ఎడంలో ఉంది, చుట్టూ ఎక్కడా తెగలేదు. తర్వాత ఆ రికార్డింగు మావకి వినిపించాను. ఆయన వేలు తల చుట్టూ తిరిగింది, ఎక్కడా ఖాళీ తగల్లేదు.

ఆ రోజు కూడా వలయంలో ఉన్నది ఆ పదిహేను మందే.