ఫొటోలు పడని మలుపు

కొమురమ్మ నన్ను మొదటిసారి మందలించింది మా పార్కు వెనక మలుపు దగ్గర. పార్కంటే పూలమొక్కల పార్కు కాదు, జూబ్లీహిల్స్ నడిబొడ్డున కంచె వేసి కాపాడుతున్న అడవి. ఫిల్మ్‌నగర్‌లో సినిమాలకు మాటలు రాసేవాణ్ణి నేను. ఒకరికి మాటలు అందించడమే గాని ఒకరిచేత పడటం అలవాటు లేదు. పొదలో నెమలి కనిపిస్తే ఫోన్ తీశాను, అంతే.

"ఓ సారూ, ఫోన్ జేబుల పెట్టుండ్రి. అది గుడ్ల మీద కూసున్నది. మీరొకరు ఆగితే ఎనక పదిమంది ఆగుతరు. బెదిరి లేసిపోతే మల్ల రాదు."

ఒళ్ళు మండింది. తీరా ఇంటికెళ్ళి ఆలోచిస్తే ఆమె అన్నదాంట్లో తప్పేమీ దొరకలేదు. అది ఇంకా చిరాకు.

కొమురమ్మ అటవీశాఖలో రోజుకూలీ వాచర్, అంటే కాపలా మనిషి. షేక్‌పేట నుంచి తెల్లారేసరికి వచ్చేస్తుంది. పదకొండేళ్ళుగా ఆ మలుపే ఆమె డ్యూటీ. ఎంత పెద్ద హీరో వచ్చినా ఆమె చేతికర్ర ముందు ఫోన్ దించాల్సిందే. "మిమ్మల్నంటే సిన్మాల సూస్తం. గీడ నెమళ్లను సూడనియ్యిండ్రి" అంటుంది. భలే మనిషి.

కాఫీ తాగినా ఫొటో తీసి నెట్‌లో పెట్టడం అప్పుడప్పుడే ఊరంతా అంటుకుంటున్న రోజులవి. పార్కు కాపలాకు సాయం చేస్తామంటూ హైటెక్ సిటీలోని ఒక కంపెనీ నుంచి రష్మి అనే అమ్మాయి వచ్చింది. పార్కులో జనం తీసుకుని ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఫొటోలన్నీ పోగేసి, ఏది ఎక్కడ తీశారో మ్యాపు మీద చుక్కలు పెట్టింది. చుక్కలెక్కువున్న చోట జనం ఎక్కువ, అక్కడ కాపలా పెంచాలి. తెలివైన పనే. గేటు దగ్గర చుక్కలు ఈగల్లా ముసిరాయి. వెనక మలుపులో ఒక్కటీ లేదు.

రేంజి ఆఫీసర్ త్రినాథరావు గారు మ్యాపు చూసి, "వెనక్కి ఎవరూ వెళ్ళట్లేదండీ. కొమురమ్మని సోమవారం నుంచి గేటుకి మార్చేద్దాం" అన్నారు. వాకర్ల తరఫున ఆ మీటింగులో నేనూ ఉన్నాను. ఎవరూ వెళ్ళని చోట నన్ను తిట్టిందెవరో అడుగుదామనుకునేలోపే వెనక వరసలోంచి కొమురమ్మ లేచింది.

"జనం రాక కాదు సార్. నేను తీయనియ్యలే, గందుకే ఫొటోల్లెవ్వు. గుడ్లు పిల్లలు గావాల్నంటే ఇంక పన్నెండు దినాలు. నేను లేకుంటే ఒక్క దినం గూడ ఆగయి."

"డేటా అలా చెప్పట్లేదమ్మా" అన్నారాయన.

రష్మి మ్యాపులో ఖాళీగా ఉన్న మలుపు మీద వేలు పెట్టింది. "ఒక్క ఆదివారం మీరు లేకుండా చూద్దామా అండీ? ఫొటోలొస్తే మీ మాట నిజమని తేలిపోతుంది."

"గుడ్లు పాయినంక తేలితే ఏం ఫాయిదా బిడ్డా? నువ్వే రా. నా పక్కన నిలబడు. నేను ఫోన్ దించుమన్నప్పుడల్ల ఒక చుక్క పెట్టుకో."

ఆదివారం రష్మి వచ్చింది. నేనూ వెళ్ళాను, తమాషా చూడ్డానికని చెప్పుకున్నాను గాని నిజానికి దిగులుగానే ఉంది. ఎనిమిదిన్నరకల్లా నూట ఎనభై ఆరు చుక్కలయ్యాయి. ఒక్కరూ ఎదురు తిరగలేదు, ఆమె అడగడంలో ఉంది ఆ సత్తా.

అప్పుడొచ్చారు త్రినాథరావు గారు. పొదలోకి తొంగిచూశారు. రిపోర్టులో పెట్టుకోవడానికేమో, ఫోన్ పైకెత్తారు.

"సార్, మీరు గూడ" అంది కొమురమ్మ.

ఆమె రోజుకూలీ. ఆయన చిటికేస్తే రేపట్నుంచి ఆ కూలీ కూడా ఉండదు. కొమురమ్మ మాత్రం కర్ర ఆనించుకుని, ఆయన కళ్ళలోకే చూస్తూ నిలబడింది. ఆయన మా అందరి వైపూ ఓసారి చూసి, ఫోన్ జేబులో పెట్టుకున్నారు. రష్మి ఆయన ఎదుటే నూట ఎనభై ఏడో చుక్క పెట్టింది.

సోమవారం కొమురమ్మ మలుపు దగ్గరే ఉంది. ఆ తర్వాత పదిరోజులకు త్రినాథరావు గారు నాకు ఫోన్ చేశారు. నాలుగు పిల్లలట, తల్లి వెనకాలే బాట దాటాయట. గొంతులో సంబరం దాగట్లేదు.

"ఒక ఫొటో పంపండి సార్" అన్నాను.

"ఆవిడ తీయనివ్వలేదండీ" అన్నారు.