కంతులు తీరినాక

పల్లె వదిలి మార్కాపురంలో అద్దె ఇంట్లోకి దిగేనాటికి మాకున్నవి ఒక మంచం, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్యాను. మా ఆయనకు పలకల ఫ్యాక్టరీలో మిషన్ మీద రాయి కోసే పని. శనివారం కూలి డబ్బులు తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. ఆ తర్వాత లెక్క అడిగేవాడు కాదు. అడిగే మనిషైతే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను గానీ, అది నా తప్పు తీసుకుపోయి ఆయన నెత్తిన పెట్టడమే.

మా వీధిలో ఎక్కువమంది టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు. వాళ్ల ఇళ్లకు పోతే సోఫాలో కూర్చోబెట్టి ఫ్రిజ్‌లోంచి చల్లని నీళ్లు ఇచ్చేవాళ్లు. వాళ్లు మా ఇంటికొస్తే నేను కొంగుతో ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసేదాన్ని. నన్నెవరూ ఒక్క మాట అన్నది లేదు. నాకే చిన్నతనంగా ఉండేది. ముందు ఫ్రిజ్ తెచ్చినాను, నెలవారీ కంతుల మీద. పంట డబ్బుల్లో మా నాయన కొంత ఇచ్చినాడని ఇంట్లో అబద్ధం చెప్పినాను. తర్వాత సోఫా, వాషింగ్ మెషిన్, పెద్ద ఫోను, మధ్యమధ్యలో చీరలు. ఏదన్నా కొంటే ఆ సంతోషం ఇంటికి తెచ్చేలోపే సగమయ్యేది. మిగతా సగం మొదటి కంతు కట్టేరోజుకు పోయేది. అది పోయినాక ఇంకొకటి కొనాలనిపించేది.

కంతులు కట్టలేక గ్రూపు లోను తీసుకున్నాను. మా వెనక సందులో ఆడవాళ్లం పదిమందిమి ఒక గ్రూపు. వారం వారం అందరం కట్టాలి, ఒకరు కట్టకపోతే మిగతా తొమ్మిదిమంది వేసుకుని కట్టాలి. ఆ లోను కట్టేదానికి ఇంకో గ్రూపులో చేరినాను. చెవుల కమ్మలు కుదువ పెట్టి, పోయినాయని చెప్పినాను. మా ఆయన పాపం రెండు రోజులు మంచం కింద, తొట్టి దగ్గర వెతికినాడు.

ఒక సోమవారం పొద్దున నా చేతిలో ఒక్క రూపాయి లేదు. డబ్బులు వసూలు చేసే సారు వచ్చి మా సోఫాలో కూర్చున్నాడు. మొత్తం జమ అయ్యేదాకా ఎవరూ లేచేది లేదన్నాడు. గ్రూపులో ఆడవాళ్లందరూ కింద చాప మీద కూర్చున్నారు. కూలికి పోయే టైమైపోతోందని ఒకరు, పిల్లలకు అన్నం పెట్టలేదని ఒకరు గొణుగుతున్నారు. వాళ్లలో ఒకామె సందు చివర ఉండేది. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. రోజూ పొలం పనికి పోయేది, ఆదివారం తెల్ల చీర కట్టుకుని చర్చికి పోయేది. నేనామెను వదినా అనేదాన్ని, ఆమె నన్నూ వదినా అనేది. ఆమె కొంగు ముడి విప్పి, బియ్యానికని దాచుకున్న డబ్బులు తీసి సారు ముందు పెట్టింది. అది చూసి మిగతావాళ్లు తలా కొంచెం వేసినారు. పోతా పోతా ఎవరూ నా మొహం చూడలేదు. చూసి తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆ సాయంత్రమే మా ఆయనకు అంతా చెప్పినాను. అప్పుడే పనినుంచి వచ్చినాడు, వెంట్రుకల నిండా రాతి దుమ్ము. కమ్మల సంగతి చెప్పినప్పుడు తల పక్కకు తిప్పుకున్నాడు. చివరికి అన్నాడు:

“ఇంకా ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు. రేపు ఇంకొకటి బయటపడితే నేను తట్టుకోలేను.”

ఇంకో చీరల బాకీ ఉంది. అది కూడా చెప్పినాను. ఆయన లేచి కుళాయి దగ్గరకు పోయి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. ఆ పూట ఇద్దరం తినలేదు.

మర్నాడు బడికి పోయే మా పాప నోటుబుక్కులో చివరి పేజీ చింపి బాకీలన్నీ రాయించినాడు. ముందు వదిన డబ్బులు, గ్రూపు వాళ్ల డబ్బులు ఇచ్చేయాలన్నాడు. సోఫా, వాషింగ్ మెషిన్ సగం ధరకు అమ్మి అవి తీర్చినాం. మిగతావాటికి ఆయన రెండో షిఫ్టు కూడా చేస్తానన్నాడు. నేను వదిన దగ్గరికి పోయి, నన్నూ మిరపకోతకు తీసుకుపొమ్మని అడిగినాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, పొద్దున ఆరింటికి ఆటో వస్తుందని మాత్రం చెప్పింది.

మా నాయన పొలంలో కోతకు కూలోళ్లు వచ్చేవాళ్లు. నేను గట్టు మీద నిలబడి వాళ్లకు నీళ్లు పోసేదాన్ని. ఇప్పుడు నేను ఆటోలో పన్నెండుమంది మధ్య ఇరుక్కుని పొదిలి వైపో, కురిచేడు వైపో పోయేదాన్ని. మొదటి వారం చేతులు మంటెత్తి అన్నం కలుపుకోలేకపోయినాను. వదిన కొబ్బరినూనె తెచ్చి, ముందు రాసుకుని చేలోకి దిగమని నేర్పింది. ఒకరోజు మేము కోసే చేను ఆసామి మా నాయనకు తెలిసినాయన అయినాడు. నేను తలగుడ్డ మొహం మీదికి లాక్కున్నాను. ఆయన గుర్తుపట్టి, మీ నాయన బాగున్నాడా అమ్మా అని అడిగి, జవాబు విని తన దోవన పోయినాడు. అంతే. ఎవరన్నా గుర్తుపడతారని నేను మొదటి రోజునుంచీ భయపడి చచ్చినాను.

రెండు కోత కాలాలు పట్టింది. ఒక్కో బాకీ తీరినప్పుడల్లా మా ఆయన ఆ కాగితం మీద గీత కొట్టేవాడు. ఆఖరిది కమ్మలు విడిపించడం. విడిపించిన రోజు నన్ను హోటలుకు తీసుకుపోయి దోసె తెప్పించినాడు. సగం తినేసరికి దాని ధర గుర్తొచ్చి ప్లేటు పక్కకు నెట్టినాను.

అప్పు పోయింది గానీ తప్పు చేసినానన్న దిగులు పోలేదు. ఉప్పు ప్యాకెట్ కొన్నా ఎవరో వెనకనుంచి చూస్తున్నట్లుండేది. ఒకసారి బడి బ్యాగు చినిగిపోయిందని పాపను దుకాణానికి తీసుకుపోయినాను. అది ఒక నీలం బ్యాగును చూసింది, చేత్తో తడిమింది. నేను ధర అడిగేలోపే, “వద్దులే మా, పాతది కుట్టించుకుంటా,” అంది. పదకొండేళ్ల పిల్ల. ఆ మాట నానుంచే నేర్చుకుంది. అయినా నేను కొనలేక తిరిగి వచ్చినాను.

క్రిస్మస్ వారం ఉందనగా వదిన మా ఇంటికొచ్చింది. కూలి డబ్బుల్లో కొంత చీరకని పక్కన పెట్టుకుందంట. నన్ను తోడు రమ్మంది. ఆ కొనుగోళ్ల పిచ్చితోనే కదా చెడిపోయింది, నన్ను పిలవొద్దు వదినా అన్నాను.

ఆమె గడపలో కూర్చుంది.

“కంతుల్లో కొన్నావు, మొగుడికి చెప్పకుండా కొన్నావు. అది తప్పు, తీర్చుకున్నావు. మంచి చీరను చూసి ఇది మంచి చీర అనడం తప్పెట్లవుద్ది? నాకు ఆ చూపు లేదు. ఉన్న నువ్వు రాకపోతే వాడు నాకేదో ఒకటి అంటగడతాడు.”

పోయినాం. దుకాణంలో నేను ఒక్కో చీర అంచు తిప్పి చూస్తుంటే, నా చేతులకు ఆ పని ఇంకా గుర్తుందని తెలిసింది. ఒకటి ఉతికితే రంగు పోయేదని పక్కన పెట్టినాను. ఒకటి ధరకు తగిన నేత కాదన్నాను. చివరికి ఆకుపచ్చది, సన్నని ఎర్ర అంచుది తీసి ఆమె భుజం మీద వేసినాను. వదిన అద్దంలో చూసుకుని కొంగు రెండుసార్లు సర్దుకుంది. దుకాణమాయన, కంతుల మీదైతే ఇంకో రెండు తీసుకోవచ్చన్నాడు. డబ్బులిచ్చే తీసుకుంటామని చెప్పినాను. అది నాకే ఆశ్చర్యం.

బయటికొచ్చి బ్యాగుల దుకాణానికి పోతే ఆ నీలం బ్యాగు ఇంకా ఉంది. ధర కనుక్కుని మా ఆయనకు ఫోన్ చేసినాను. వెనక మిషన్ మోత. పాపకు బ్యాగు కొంటానని ధర చెప్పినాను. వినబడక రెండుసార్లు అడిగి, “దానికి నన్నడిగేదేంది, కొను,” అన్నాడు.

నీలం బ్యాగు ఇంకా ఉంది. ఇంటికి తెస్తే పాప ముందు ధర అడిగింది. చెప్పినాను. మొత్తం ఇచ్చేసినానని కూడా చెప్పినాను. అప్పుడు పుస్తకాలన్నీ అందులోకి మార్చుకుని, ఇంట్లోనే తగిలించుకుని తిరిగింది.

మా ఆయన వచ్చి బ్యాగు చూసినాడు, బాగుందన్నాడు. కాళ్లు కడుక్కుంటా, అంత దూరం పోయినదానివి నాకో చెప్పుల జత చూడలేకపోయినావా అని నవ్వినాడు. ఎన్నాళ్లకో ముగ్గురం కలిసి నవ్వినాం. ఆదివారం పోయి చెప్పులు కొన్నాం. మొదటి దుకాణంలో ఆయన కాలికి సరిపోలేదు, రెండోదాంట్లో దొరికినాయి. ఆ పూట దోసె తిన్నాను, మొత్తం.