మస్తానమ్మ గారి ముందు పర్సెంట్ గుర్తు

2022 వేసవి. గుంటూరు బ్రాడీపేటలో ఒక జెరాక్స్ షాపు మేడ మీద నాది ఒకే గది డీటీపీ సెంటరు. కోచింగ్ సెంటర్లకు లెక్కల ప్రశ్నపత్రాలు కూర్చి ఇవ్వడం నా పని. మిర్చి సీజన్లో లారీలు ఆ దారిన వెళ్తుంటే కంప్యూటరు ముందు కూర్చుని దగ్గడం కూడా ఆ పనిలో భాగమే.

నేను వాడేది లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్. మౌసుతో పేజీని అటూ ఇటూ జరపడం ఇందులో ఉండదు. ఏది ఎక్కడ, ఎంత సైజులో రావాలో మాటల్లో రాసి ఇస్తే అదే పేజీలు పేరుస్తుంది. లెక్కలకు దాన్ని మించింది లేదు. ఫొటోల వీడియోకి దాన్ని వాడాలన్న ఆలోచన మాత్రం మస్తానమ్మ గారు వచ్చేదాకా నాకు రాలేదు.

ఆవిడ ఒక కవరు నిండా ఫొటోలతో ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. భర్త నాగూర్ వలి గారు దూది ఏకి పరుపులు కుట్టిన మనిషి. ఆయనకు మతిమరుపు జబ్బు మొదలైంది. అయినవాళ్ల ఫొటోలు రోజూ చూపిస్తే మంచిదని డాక్టరు చెబితే, ఏదో స్టూడియోలో వీడియో చేయించారట.

“అందులో ఫొటోలు గిర్రున తిరుగుతాయమ్మాయ్. పూలు రాలతాయి, మొహాలు ముక్కలైపోతాయి. ఆయన బెదిరిపోయి దుప్పటి ముసుగేసుకుంటన్నాడు. కదలకుండా చెయ్యగలవా?”

“కదలకుండా చెయ్యడమే నాకు వచ్చిన పనండీ,” అన్నాను గర్వంగా.

ఫొటోలు స్కాన్ చేసి ఒక ఫోల్డరులో వేశాను. ఒక ఫైల్లో లైనుకొకరు చొప్పున పేర్లు రాశాను. స్క్రిప్టు అంటే కంప్యూటరుకు ఒకసారి రాసిపెడితే ప్రతిసారీ అదే చేసుకుపోయే పనుల వరుస. నేను రాసిన స్క్రిప్టు ఒక్కో ఫొటోను ఒక్కో పేజీలో ఒకేచోట నిలబెట్టి, కింద పెద్ద అక్షరాలతో పేరు వేస్తుంది. ఇంకొకటి ఆ పేజీలను టీవీకి పనికొచ్చే వీడియోగా కలుపుతుంది. ‘ఖాసిం, నా తమ్ముడు’, ‘షకీలా, నా కూతురు’. మస్తానమ్మ గారివి రెండు ఫొటోలు. ఒకటి పెళ్లైన కొత్తలో స్టూడియోలో దిగింది, ఇంకొకటి ఈమధ్య ఫోన్లో తీసింది. రెంటి కిందా ‘మస్తానమ్మ, నా భార్య’ అనే వేశాను.

కొన్నాళ్లకు ఆవిడ బూరుగుదూది దిండు ఒకటి తెచ్చి నా కుర్చీలో పెట్టారు. “షాపుల బోర్డులు చదివినట్టు పేర్లన్నీ చదువుతున్నాడమ్మాయ్. నావైపు తిరిగి ‘మస్తానూ’ అన్నాడు. ఆ పిలుపు విని ఎన్నాళ్లైందో!” ఆ రోజు నా అంత పనిమంతురాలు గుంటూరులో లేదనుకున్నాను.

ఆ సంబరం నిలవలేదు. చలి మొదలయ్యేసరికి మళ్లీ వచ్చారు. “ఖాసింని తీసెయ్యమ్మా. ఎవడో ఇంట్లో దూరాడని టీవీ మీదికి కర్ర ఎత్తాడు.”

లేటెక్‌లో ఒక లైనును చెరిపేయనక్కర్లేదు. దాని ముందు పర్సెంట్ గుర్తు పెడితే చాలు, సాఫ్ట్‌వేర్ చూడనట్టు దాటిపోతుంది. దీన్ని కామెంట్ చేయడం అంటాం. లైను ఫైల్లోనే ఉంటుంది, పేజీల్లోకి రాదు. “ఖాసిం గారు ఎక్కడికీ పోలేదండీ. మీవారికి గుర్తొస్తే చెప్పండి, మళ్లీ పెట్టేద్దాం,” అన్నాను. ఆవిడ తలూపారు. తర్వాత మేనల్లుళ్ల పేర్ల ముందూ ఆ గుర్తు పెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత కూతురు షకీలా వంతు. ఆ రోజు మస్తానమ్మ గారు కుర్చీలో కూర్చోలేదు. ఫొటో వేలితో చూపించి, కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డారు. గుర్తు పెట్టడానికి నాకు చేతులు రాలేదు. అయినా పెట్టాను.

చివరిసారి వచ్చేనాటికి మళ్లీ ఎండలు ముదిరాయి.

“ఇక నన్ను తీసెయ్యమ్మాయ్.”

నేను నోరు తెరిచేలోపే ఆవిడే చెప్పారు. “టీవీలో ఆ పెళ్లినాటి పిల్లను చూసి మురిసిపోతాడు. నేను కంచం పట్టుకుని దగ్గరికెళ్తే తోసేస్తాడు. ‘నువ్వెవరమ్మా? మా ఆవిడొచ్చే వేళైంది, చూస్తే బాగుండదు, వెళ్లు’ అంటాడు. మెతుకు ముట్టట్లేదు.”

నాకు దారి దొరికినట్టయింది. “అయితే ఆ పాత ఫొటో తీసేద్దామండీ. అది లేకపోతే మిమ్మల్నే చూస్తారు.”

“అయ్యో, వద్దు తల్లీ! ఆ పిల్ల కనపడితేనే మొహం విప్పుతున్నాడు. తియ్యాల్సింది ఈ ముసలిదాన్ని.” ఫోన్లో తీసిన ఫొటో మీద వేలు పెట్టారు. “నేను పనిమనిషినని చెప్పా. మీ ఆవిడే పంపించింది, మీరు తినకపోతే నన్ను తిడతది అన్నా. పాపం, ఈమెనెందుకు తిట్టించడమని గబగబా తినేశాడు. ఇప్పుడు ఈ మొహం కింద భార్య అని చదివాడనుకో, మళ్లీ మొదటికొస్తది.”

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ మాత్రం ఏడవలేదు. “ఏడ్చి లాభమేందమ్మా? తొందరగా కానియ్, ఆయనకి అన్నం వేళవుతుంది,” అన్నారు.

గుర్తు పెట్టి స్క్రిప్టు నడిపాను. ఒక్క బ్రాకెట్ మూయడం మరిచిపోతే నానా యాగీ చేసి ఆగిపోయే సాఫ్ట్‌వేర్ అది. మనిషి తగ్గితే కిక్కురుమనలేదు. ఆవిడ పెన్‌డ్రైవు కొంగున ముడేసుకుని మెట్లు దిగిపోయారు.

ఆ వానాకాలంలో నాగూర్ వలి గారు పోయారు. చివరిదాకా ఆవిడ ఆ ఇంట్లో పనిమనిషిగానే ఉన్నారు. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనలు అయ్యాక నేను చూడ్డానికి వెళ్లాను. ఏం మాట్లాడాలో తెలియక, నాకు తెలిసిన పని మాటే ఎత్తాను.

“ఆ గుర్తులన్నీ తీసేస్తే అందరూ మళ్లీ వస్తారండీ. మీరు కూడా. చేసి ఇవ్వనా?”

మస్తానమ్మ గారు ఆపేసి ఉన్న టీవీ వైపు చూశారు.

“నన్ను మళ్లీ పెడితే చదివేదెవరమ్మాయ్?”

ఆ ఫైలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. తప్పు ఎక్కడుందో వెతికి దిద్దడమే నా వృత్తి. అందులో ఒక్క తప్పూ లేదు, అయినా అది ఎవరినీ నిలబెట్టలేకపోయింది. ఇప్పుడు కూడా ఎవరైనా ఫొటోలు తెచ్చి వీడియో చేయమంటే చేస్తాను. కదలకుండా చేస్తానని మాత్రం మాటివ్వను.