పెరికిన చేను మీద వాన

నా ఉద్యోగం ఏమిటో మా అన్నకు చెప్పడానికి ఎప్పుడూ తంటాలు పడేదాన్ని. కర్నూలులో హంద్రీ ఏటి పక్కన పల్లపు వీధులున్నాయి. వాన పడితే ఆ వీధుల నీళ్లన్నీ భూమిలో వేసిన పెద్ద పైపుల గుండా ఏటి ఒడ్డునున్న సంపులోకి చేరతాయి. ఏరు నిండుగా ఉన్నప్పుడు అవి వాటంతటవి ఏట్లోకి పోవు, మోటార్లతో ఎత్తిపోయాలి. ఆ మోటార్లు కాలిపోకుండా ఎప్పుడు వేయాలో, ఎప్పుడు ఆపాలో కంప్యూటర్‌లో మోడల్ కట్టి తేల్చడం నా పని. ఇదంతా విని అన్న పెద్దగా నవ్వాడు.

"ఈడ బోర్లో నీళ్లు రాక మోటార్లు కాలిపోతాండాయి. ఆడ నీళ్లెక్కువై కాలిపోతాండాయా? బాగుండాది పాపా మీ కథ."

అన్న అన్నదాంట్లో నిజముంది. సంపు చిన్నది. నీళ్లు రాగానే మోటార్లు వేస్తే క్షణాల్లో తోడేసి ఆగిపోతాయి, మళ్లీ నిండగానే మళ్లీ మొదలవుతాయి. అలా ఊరికే ఆగుతూ నడుస్తూ ఉంటే కాలిపోతాయి. అందుకని కాస్త ఆగి, నీళ్లు సంపు దాటి వెనక పైపుల్లోకి ఎగదన్నాక మోటార్లు వేస్తే బాగుంటుందని నా ఆలోచన. పొడవాటి పైపులు కాబట్టి అవే ఒక చెరువంత పని చేస్తాయి. కానీ మరీ ఆలస్యమైతే ఆ నీళ్లు పల్లపు వీధుల కాలువల్లోంచి పైకి పొంగి ఇళ్లలోకి వస్తాయి. ఎంతవరకు ఆగొచ్చు అన్నదే ప్రశ్న.

మోడల్ ఒక జవాబు చెప్పింది. దాన్ని నమ్మడానికి మాత్రం నాకు ధైర్యం చాల్లేదు. పైపుల్లో ఎంత పూడిక ఉందో, నీళ్లు ఎంత నెమ్మదిగా కదులుతాయో అన్నీ నేను ఊహించి వేసుకున్నవే. ఒక్క గట్టి వాన పడితే సంపులో నీటిమట్టం కొలిచి, మట్టం ఇలా పెరుగుతుందని మోడల్‌తో నేను గీయించిన గీతతో సరిపోల్చుకోవచ్చు. మట్టం కొలిచే పరికరం సంపులో పెట్టాం. ఆఫీసు మిద్దె మీద వానను కొలిచేది పెట్టాం. వాన మాత్రం రాలేదు. ఆ కాలమంతా తుంపర్లే.

పొద్దున లేవగానే మబ్బుల కోసం చూసేదాన్ని. మా సీమలో వాన రావాలని కోరుకోవడం ఎవరికీ తప్పుగా తోచదు. కానీ రోజులు గడిచి వేరుశనగ పెరికే కాలం వచ్చింది. పత్తికొండ వైపు మా ఊళ్లో అన్న చేను కూడా పెరికారు. పెరికిన చెట్టు కాయలతో సహా చేలో వరసలుగా పడి ఎండుతుంటే, దాని మీద వాన పడకూడదు. వ్యవసాయం ఇంట్లో పుట్టినదాన్ని, ఆ మాత్రం నాకు తెలుసు. తెలిసి కూడా నా కోరిక మానలేదు. ఊళ్లో పడకుండా కర్నూలు వరకే పడితే చాలని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని.

అల్పపీడనం అని వార్తల్లో చెప్పిన మర్నాడు మధ్యాహ్నం వాన దిగింది. ఆఫీసు కిటికీలోంచి ఎదుటి భవనం కనిపించనంత వాన. మాతో పనిచేసే కుర్ర ఇంజనీరు సంపు దగ్గర ఉన్నాడు. మట్టం ఎంత పెరిగిందో అతను ఫోన్‌లో చెబుతుంటే నేను నా గీత పక్కన చుక్కలు పెడుతున్నాను. చుక్కలు గీత మీదే పడుతున్నాయి. అతని ఫోన్ ఒకసారి తెగిపోయింది. మళ్లీ మోగగానే పేరు చూడకుండా ఎత్తాను.

"వచ్చిందప్పా వాన! ఇంకా కొట్టాల, రాత్రంతా కొట్టాల! ఇట్లాంటిదే కదా మనకు కావాల్సింది!"

అవతల కూడా వాన శబ్దం వినిపిస్తోంది. ఆ శబ్దంలోంచి అన్న గొంతు వచ్చింది.

"ఆ... ఈడ కూడా వచ్చింది పాపా."

"అన్నా, నువ్వని అనుకోలేదు. చేను..." అన్నాను.

"ఏం లేదులే. ఊరికే చేసినా. పని చూసుకోపో," అని పెట్టేశాడు.

నేను తిరిగి ఫోన్ చేయాల్సింది. చేయలేదు. కుర్ర ఇంజనీరు మళ్లీ ఫోన్ చేశాడు, చుక్కలు పెట్టుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున బస్సెక్కి ఊరికి పోయాను. వాన ఇంకా వదల్లేదు. చేలో చీలమండల లోతు నీళ్లు. అన్న, వదిన గోనెసంచులు తల మీద కప్పుకుని, తడిసిన చెట్టును చేతులతో ఎత్తి గట్టు మీదికి మోస్తున్నారు. నేనూ చీర ఎగదోపి దిగాను. అన్న జరిగి నాకు చోటిచ్చాడు. మోస్తుంటే కాయల్లోంచి బురద నీళ్లు మోచేతుల మీదికి కారాయి.

అప్పుడే మా పై అధికారి ఫోన్ చేశాడు. మోడల్ అచ్చంగా సరిపోయిందనీ, పెద్దవాళ్లంతా మెచ్చుకున్నారనీ చెప్పాడు. గట్టు మీద ఆ తడిసిన కుప్పల పక్కన నిలబడి వింటుంటే నాకు సంతోషమే కలిగింది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

వదినతో కలిసి ఇంటికి వస్తున్నప్పుడు అడిగాను, నిన్న అన్న నాకెందుకు ఫోన్ చేశాడని.

"టార్పాలిన్ పట్టల కోసరం," అంది వదిన. "ఊర్లో యాడా దొరకలే. కర్నూల్లో నువ్వు కొని సాయంత్రం బస్సుకేస్తే, సగం చెట్టన్నా కప్పుకుందామని."

"మరి అడగలేదే?"

"నీ మాట విని ఫోన్ పెట్టేసినాడు. పాప శానా సంతోషంగా ఉండాది, ఇప్పుడెందుకులే అన్యాడు."



ఎండ కాసేసరికి కాయలు నల్లబడ్డాయి, చాలావాటికి మొలకలొచ్చాయి. కాయలు కోశాక మేతకు మిగిలే కట్టె కుళ్లి, దాన్ని పశువులు కూడా ముట్టలేదు. వచ్చే ఏటికి విత్తనం కోసం ఎప్పుడూ దాచుకునే మంచి కాయలు ఆ ఏడు లేవు. తిరిగి వచ్చే రోజు అన్నతో చెప్పాను, ఆ వాన రావాలని నేను నెలల తరబడి కోరుకున్నానని.

అన్న నవ్వాడు. "నువ్వు రమ్మంటే వచ్చే వానైతే, విత్తే కాలంలోనే నీతో పిలిపిచ్చుకుంటాం గదా!"

వదిన నవ్వలేదు. మొలకెత్తిన కాయల్ని చేటలో ఏరుతూ ఉండిపోయింది.

మోటార్లు నేను చెప్పిన మట్టం దగ్గరే మొదలయ్యేలా పెట్టారు. మరుసటి ఏడు జూన్‌లో పెద్ద వాన కురిసిన సాయంత్రం గొడుగేసుకుని పల్లపు వీధికి పోయాను. కాలువలు నిండుగా పారుతున్నాయి కానీ పొంగలేదు. ఒక ఇంటి గడపలో కూర్చున్న పెద్దామె నన్ను పిలిచి టీ ఇచ్చింది. ఇదివరకు వానొస్తే బియ్యం డబ్బాలు మంచం మీద పెట్టుకుని కూర్చునేదట.

"ఈసారి లోపలికి రాలేదమ్మా. ఎవురు చేసినారో గాని, వాళ్ల కడుపు సల్లగుండ," అంది.

నేనని చెప్పలేదు. టీ తాగి, గ్లాసు గడప మీద పెట్టి వచ్చేశాను. వీధి చివరికొచ్చాక అన్నకు ఫోన్ చేశాను.

"ఈడ చినుకు లేదు పాపా," అన్నాడు అన్న. "విత్తనాలు తెచ్చి పెట్టుకున్యాం. విత్తేదానికి నేలలో పదును లేదు. ఆడ పడతాందా?"

"పడుతోందన్నా," అన్నాను.

"పడనీలే. మీకన్నా పడనీ," అన్నాడు.