మన పేపర్లో పడేదాకా

మా వారపత్రిక ఎడిటరు, మేమంతా మామ అని పిలిచే ఆయన, తిరుత్తణిలో గుండె ఆగి పోయారని గురువారం పొద్దున ఫోనులో మెసేజి వచ్చింది. నమ్మలేదు. పైగా ఒళ్లు మండింది. ముందురోజు సాయంత్రమే నేను రాసిన వార్తలో సగం కొట్టేసి, "రేపు రాద్దువులే, తొందరేముంది" అని నవ్విన మనిషి ఎట్లా పోతారు?

నమ్మకపోవడం ఆయన నేర్పిందే. ఒకసారి పెరియపాళయంలో నాటకాలాడే పెద్దాయన పోయాడని ఫోన్లన్నీ మోగాయి. మామ బస్సెక్కి వెళ్లి చూస్తే ఆయన వాకిట్లో కూర్చుని వేరుశనక్కాయలు వొలుచుకుంటున్నాడు. మామ కూడా పక్కన కూర్చుని గుప్పెడు తిని వచ్చారు. అప్పటి నుంచి అందరికీ ఒకటే మాట: "మన పేపర్లో పడేదాకా ఎవుర్నీ సంపేయొద్దండి." మేము ఏ వార్త తెచ్చినా ఒకటే ప్రశ్న: "నువ్వు పోయి చూసినావా?"

ఈ తమిళ సీమలో తెలుగు పత్రిక పెట్టింది ఆయన నాయన. సీసం అక్షరాలు ఒక్కొక్కటిగా పేర్చిన కాలమది. కంప్యూటరు వచ్చాక పని సులువైంది గానీ చదివేవాళ్లు తగ్గిపోయారు. మా పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగే, బళ్లో చదివేది మాత్రం తమిళం. మూసేయమని చాలామంది చెప్పారు. "సదవలేకపోతే యేమి, వింటారు గదా" అని మామ ప్రతి ఆదివారం మగ్గాల షెడ్డుకు వెళ్లి పత్రికంతా పైకి చదవడం మొదలుపెట్టారు. నేసేవాళ్లు మగ్గాలు ఆపి వినేవారు. చివర్న "ఇంకేమన్నా మిగిలిందా?" అని అడిగేవారు. అప్పుడు వాళ్లు చెప్పే సంగతులే మీరు మరుసటి వారం మా పేపర్లో చదివిన వార్తలు.

గురువారం తిరువళ్ళూరులో తిరుత్తణి రైలెక్కాను. దారంతా ఆ వేరుశనక్కాయలే గుర్తొచ్చాయి. మామ ఇంటి ముందు అన్ని చెప్పులు. వాటి పక్కనే నావీ విడిచాను. లోపల ఆయన్ని పడుకోబెట్టి ఉన్నారు. కుడిచేతి వేలికి ఎర్రసిరా ఇంకా ఉంది, నా వార్త కొట్టేసిన సిరా.

ఆ వార్త రాయాల్సింది కూడా నేనే అయింది. నేను రాస్తే గదా ఆయన పోయినట్టు. శుక్రవారమంతా కంప్యూటరు ముందు ఊరికే కూర్చున్నాను. నాకు రాయడం నేర్పిన మనిషి. రాసింది దిద్దమని ఎవరికివ్వను?

ఆదివారం పత్రిక పట్టుకుని షెడ్డుకు వెళ్లాను. మగ్గాలు ఆగాయి. మామ కూర్చునే స్టూలు మీద అలవాటుగా ఎవరో టీ గ్లాసు పెట్టారు. నేను నిలబడే చదివాను. ఆయన వార్త మొదటి పేజీలోనే ఉంది. నూలు కండెలు చుట్టే అవ్వ నడవలేని మనిషి, సాగనంపడానికి రాలేకపోయింది. ఎవరు వచ్చి చెప్పినా "పేపర్లో రానీ" అనిందట. చదవడం అయ్యాక నావైపే చూసింది.

"నువ్వు పోయి చూసినావా, పాపా?"

"చూసినానవ్వా."

అవ్వ చేతిలో కండె కింద పెట్టేసింది. ఎవరూ మగ్గం ముట్టలేదు. స్టూలు మీద టీ అట్లాగే ఉంది, మీగడ కట్టి.