ఆముదం తాగి బస్సెక్కిన రోజు

రాత్రి తాగిన ఆముదం తెల్లారినా పని చెయ్యలేదని పొద్దున్నే ఇంకో మోతాదు తాగి, విజయనగరంలో రాజాం బస్సెక్కాను. విరేచనానికి పుచ్చుకున్న రోజు ఇల్లు కదలకూడదని మా ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

గరివిడి దాటేసరికి రెండు మోతాదులూ కలిసి పని మొదలుపెట్టాయి. బస్సు ఆపమనడానికి సిగ్గేసి, కడుపు పట్టుకుని కూర్చున్నాను.

"ఏటి బావూ, అలాగ సెమటలు కారిపోతన్నాయి?" అంది ముందు సీట్లో ముసలమ్మ. గొంతు తగ్గించి సంగతి చెప్పాను.

ఆవిడ వెంటనే లేచి, "ఒరే బావూ, బండాపు! నా కడుపు బాగోనేదు" అని కండక్టరును కేకేసింది. అందరూ ఆవిణ్ణే చూస్తుంటే, వెనకాలే దిగి తుప్పల చాటుకు పోయొచ్చాను. చీపురుపల్లి దాటాక మళ్ళీ అలాగే ఆపించింది. కండక్టరు విసుక్కున్న మాటలన్నీ ఆవిడే పడింది.

భయంతో నేను మంచినీళ్ళు కూడా ముట్టడం లేదని తెలిసి, తన సత్తుగిన్నెలోని చోడి అంబలిలో ఉప్పు కలిపి ఇచ్చింది.

"నీళ్ళు మానేత్తే సోలిపోతావు. తాగీ."

తాగాక కళ్ళు తిరగడం తగ్గింది.

రాజాం రాకముందే ఆవిడ దిగి, మూట నెత్తికెత్తుకుని పొలం గట్టు మీద చకచకా నడిచిపోయింది. కండక్టరు అటే కాసేపు చూశాడు. తర్వాత నా దగ్గరకొచ్చి మెల్లిగా అడిగాడు.

"మళ్ళీ ఎక్కడాపాల?"