ఖాళీ కుర్చీ దాటి పరుగు

మా అక్క ఖోఖోలో రాష్ట్ర జట్టుకు ఆడింది. ఆటల కోటాలో లాల్‌పేట్ బొగ్గు గని ఆఫీసులో గుమాస్తా అయింది. మోకాలు పాడై ఆట మానేశాక ఆమెకు మిగిలినవి మూడు: ఒక కుర్చీ, ఒక టైపు మిషను, వెనక నుంచి ఎవరైనా వీపు తాకితే దిగ్గున లేచి పరుగెత్తే అలవాటు. ఖోఖోలో ఒకరు అటు, ఒకరు ఇటు తిరిగి వరసగా కూర్చున్నవాళ్లు, తమ జట్టు మనిషి వెనక నుంచి వీపు తట్టి ‘ఖో’ అంటేనే లేవాలి. లేచాక చివరి స్తంభం చేరేదాకా వెనక్కి తిరగకూడదు. నేనప్పుడు మెకానికల్ డిప్లొమా చదువుతున్నాను. స్ప్రింగుల పాఠం నాకు ఇంట్లోనే అర్థమైంది. అమ్మ ఆమెను ఎప్పుడూ ఎదురుగా వచ్చే పిలిచేది.

అక్కకు ఒకటే కోరిక: సాయంత్రాలు కాలనీ మైదానంలో ఆడపిల్లలకు ఆట నేర్పాలి. ప్రతిదీ ప్రైవేటుకు ఇస్తున్న రోజులవి. మైదానం కూడా లారీలు నిలపడానికి కాంట్రాక్టరుకు పోతుందని చెప్పుకునేవారు. అక్క వెళ్లి అడిగితే గని సంక్షేమ అధికారి చూద్దామన్నాడు. చూస్తూనే ఉన్నాడు.

ఇంతలో కాలనీ వార్షికోత్సవం వచ్చింది. మహిళలకు ఉండేది ఒకటే పోటీ, మ్యూజికల్ చైర్స్. ఏటా గెలిచేది ఆ అధికారి భార్యే. పక్కింటి పెద్దమ్మ ముందే హెచ్చరించింది.

"మేడమ్ గెలుసుడు ఈడ రివాజు బిడ్డా. నువ్వు గెలిస్తె గ్రౌండు ముచ్చట మర్సిపో."

"ఎరుకే పెద్దమ్మా. ఓడిపోత."

"ఓడుడు అల్కగ కాదు. నీకు అలవాటు లేదు."

అక్క నిజంగానే కష్టపడింది, చాలా మెల్లగా నడిచింది. కానీ మిగతావాళ్లు ఇంకా మెల్లగా నడిచారు. చివరికి ఒక కుర్చీ, అక్క, మేడమ్ మిగిలారు. పాట ఆగింది. కుర్చీ అక్క ముందే ఉంది. వెనక తూలిన మేడమ్ చెయ్యి ఆమె వీపుకు తగిలింది.

అక్క దూసుకుపోయింది. కుర్చీ దాటి, షామియానా గుంజ దాకా పరుగెత్తి, దాన్ని చుట్టి వెనక్కి వచ్చింది. అప్పటికే మేడమ్ హాయిగా కూర్చుని ఉంది. జనం పడీపడీ నవ్వారు.

"గిట్ల ఓడినోళ్లను నేను సూడలే," అంది పెద్దమ్మ.

మర్నాడే మైదానానికి అనుమతి వచ్చింది, కాలనీ మహిళలకు మ్యూజికల్ చైర్స్ నేర్పడానికి. నేర్పుతూ అక్క కూడా నేర్చుకుంటుందని మేడమే సిఫారసు చేసిందట.

అక్క కుర్చీలన్నీ ఒకే వరసలో వేయించింది. ఒకటి తూర్పు ముఖంగా, దాని పక్కది పడమర ముఖంగా. ఆడవాళ్లు రెండు రోజులు వచ్చి మానేశారు. తర్వాత వాళ్ల కూతుళ్లు వచ్చి కూర్చున్నారు.

"పాటేదక్కా?" అడిగిందొక పిల్ల.

"పాట లేదు. వీపు మీద చెయ్యి పడేదాంక లేవద్దు."